పోల్చడానికి పాతవి లేవు

రాత్రి రెండు దాటింది.
సెతూబల్ ఆసుపత్రి నేలమాళిగలో
నేనూ, చల్లారిన కాఫీ, రెండు తెరలూ.
జనవరి. ఊరంతా దగ్గుతోంది.
సాదు నది మీది తేమ
మెట్లు దిగి ఇక్కడిదాకా వస్తుంది.

ఇరవై మూడో మనిషి బెల్మీరు క్వరెష్మ, డెబ్బై ఒకటి.
ఐదు రోజుల జ్వరం,
ముక్కులో పెట్టిన పుల్లకు వైరస్ చిక్కింది.

"గాలి పీల్చండి. ఆపండి"
అంటుంది యంత్రంలోని ఆడగొంతు.
ఎవరిదో గానీ, ఆ గొంతుకి
ఎన్నడూ ఆయాసం వచ్చినట్టు లేదు.
ఆయన ఆపలేకపోయాడు. నాలుగో సెకనులో దగ్గాడు.
ఆ దగ్గు కూడా బొమ్మలో పడింది.
గుండె అంచు రెండు గీతలైంది.

మిగతాదంతా నేను రోజూ చూసేదే.
నల్లగా ఉండాల్సిన చోట బూడిదరంగు.
తెలుపు కాదు,
తెలుపైతే నాళాలు మునిగిపోతాయి.
ఇది దేన్నీ పూర్తిగా దాచదు,
చలిలో బస్సు అద్దం మీద ఎవరో వదిలిన ఊపిరి,
వెనక దీపాలు కనిపిస్తూనే ఉంటాయి.
గరుకు గాజు అంటాం మేం.
రెండు వైపులా, అంచుల వెంట,
కింది తమ్మెల్లో ఎక్కువ.

ఆ మసకలో సన్నని గోడలు వాచి
ఏ రెండూ ఒక్కలా లేని గళ్లుగా విడదీశాయి.
అడ్డదిడ్డపు రాతిపరుపు.
ఈ పేరు కూడా పుస్తకాలదే,
రాయి ఎత్తి ఎరగని డాక్టరెవరో పెట్టి ఉంటాడు.

వార్డులో మంచం ఖాళీ లేదు.
స్ట్రెచర్ నా తలుపు దగ్గరే ఆగింది.
ఆక్సిజన్ బుడబుడల్లోంచి వేలు చూపించాడు.
"అది నాదేనా?"
"మీదే."
"ఆ గళ్లేమిటి?"
చెప్పకూడదు. చెప్పాను.
"రాళ్లు పరిచినట్టుంది అంటాం."

నవ్వబోయి దగ్గాడు, దగ్గాక మళ్లీ నవ్వాడు.
నలభై నాలుగేళ్లు పీట మీద ముడుచుకు కూర్చుని
సున్నపురాయిని అరచేతిలో పెట్టి సుత్తితో చెక్కినవాడట.
ఎడమ బొటనవేలికి గోరు లేదు.
కళ్లజోడు అడిగి, ముసుగు మీదే పెట్టుకుని,
చాలాసేపు చూశాడు
వేరేవాళ్ల పనిని చూసినట్టు.
"సందులు మరీ లావు" అన్నాడు.
"ఒక్క రాయీ
పక్కరాయి మాట వినలేదు.
నా కుర్రాడెవడైనా ఇలా వేస్తే
చీకటి పడేదాకా
వాడిచేతే ఊడబీకించేవాణ్ణి."

పై తమ్మెల్లో పాత దుమ్ము కోసం వెతికాను.
లేదు.
అంత రాయి కొట్టి
రవ్వంతైనా దాచుకోలేదు.
అది ఆయనకి చెప్పాల్సింది,
ఎందుకో చెప్పలేదు.

మైకు దగ్గరికి లాక్కుని రిపోర్టు చెప్పడం మొదలుపెట్టాను.
వైరల్ న్యుమోనియాకు సరిపోయే మార్పులు.
ఊపిరితిత్తుల్లో సుమారు నలభై శాతం.
చుట్టూ నీరు లేదు.
పోల్చడానికి పాత చిత్రాలు లేవు.

"ఎందుకు లేవమ్మాయ్" అన్నాడు వెనకనుంచి,
ఒక్కో మాటకీ ఒక్కో ఊపిరి ఖర్చుపెడుతూ.
"మీ గేటు నుంచి... బస్టాపు దాకా.
ఎనభై ఏడులో... నేనే వేశాను.
దాంతో పోల్చు."

అప్పుడే వార్డుబాయ్ వచ్చాడు.
నేల పలకల అతుకుల మీద
చక్రాలు టకటకలాడుతూ వెళ్లాయి.
తలుపు మూసుకున్నాక కూడా
కాసేపు వినిపించింది.

మైకు తెరిచే ఉందని అప్పుడు చూశాను.
ఆయన మాటల్ని కూడా యంత్రం
తప్పులతడకగా రాసిపెట్టింది,
నలభై శాతం కింద, నా సంతకానికి పైన.
ఒక్కొక్కటే చెరిపాను.
ఇరవై నాలుగో మనిషిని అప్పటికే
బల్ల మీద పడుకోబెట్టారు.

తెల్లారి మా పెద్ద డాక్టరు ఫోను.
"క్వరెష్మ రిపోర్టు చివర
సందులు అని ఒక మాట ఉంది.
ఏ సందులు?"
నేను గేటు బయట బస్సు కోసం నిలబడి ఉన్నాను.
వాన పడుతోంది.
చూసి చెబుతానన్నాను.